పోలన నోట్లో ణ

కృష్ణ ఒడ్డున కొండ మీద ఒక విహారం ఉండేది. అందులో సుమేధుడనే భిక్షువుకు ఒక్కటే దిగులు. పోలనకు ణ పలకదు.

పోలన రాతిపనివాడు, నలభై దాటినవాడు. స్తూపం చుట్టూ రాళ్ళు పరిచే జట్టుతో వచ్చాడు. తెల్లవారుతూనే భిక్షువులంతా కలిసి చదివే చదువు వింటూ ఉలి పక్కన పెట్టి కూర్చునేవాడు. పని ముగిసింది. జట్టువాళ్ళు బండ్లు కట్టారు, అందరూ ఎక్కారు. పోలన ఎక్కలేదు.

"ఇక్కడే ఉంటాను సామీ. నాకూ దీక్ష ఇప్పించండి," అన్నాడు.

ఉండమన్నారు. నీళ్ళు మోశాడు, మెట్లు బాగుచేశాడు, కప్పు కురిసే చోట్లు వెతికి సున్నం పెట్టాడు. దీక్ష మాత్రం అందలేదు. ఆ విహారంలో దీక్ష తీసుకునేవాడు సంఘం ముందు నిలబడి సరణం అనే మాట పలకాలి. మనం శరణం అనేదాన్ని వాళ్ళ పాళిలో అలా అంటారు. మాట తప్పితే దీక్ష చెల్లదు.

తప్పొప్పులు తేల్చేవాడు సుమేధుడు. ఆయన్ని విహారానికి చెవి అనేవారు. దీక్ష రోజున ఆయన గోడవైపు తిరిగి కూర్చుంటాడు. ముఖం చూస్తే జాలి పుడుతుందని అలా కూర్చోవడం ఆనవాయితీ. దీక్ష కోరేవాళ్ళంతా ఆయన వెనక నిలబడి కలిసి మాట పలుకుతారు. ఎన్ని గొంతులు కలిసినా, తప్పిన గొంతు అన్నంలో రాయిలా ఆయన చెవికి తగులుతుంది. అన్నీ సరిగా ఉంటే "పడింది" అంటాడు. లేకపోతే తప్పినవాడి పేరు చెబుతాడు.

రెండుసార్లు పోలన పేరే చెప్పాడు. రెండుసార్లూ పోలన "సరనం" అన్నాడు. మూడోసారి కూడా తప్పితే మళ్ళీ అడగడానికి లేదు. కాషాయం కట్టే యోగం లేనట్టే. ఆ మూడోసారి వానాకాలం మొదటి పున్నమికి ఉంది.

సుమేధుడు చెడ్డవాడు కాడు. పోలన మీద కోపమూ లేదు. మాట తప్పిన దీక్ష చెల్లదు. చెల్లని దీక్షతో కట్టిన గుడ్డ దొంగగుడ్డ, ఆ చేత్తో పట్టిన భిక్ష దొంగకూడు. పాపం ఆ మనిషి తెలియకుండా జీవితమంతా దొంగతనం చేసినట్టవుతుంది. ఇదీ సుమేధుడి భయం. అందుకే పట్టుబట్టి రోజూ తానే నేర్పేవాడు.

"ట అను."

"ట."

"డ అను."

"డ."

"చూశావా, నాలుక మడతపడి అంగిలికి తగిలింది. అక్కడే ఉంచు. కదపకు. అక్కడే ఉంచి ముక్కులోంచి వదులు. ణ."

"న."

"కదిపావు."

"కదపలేదు సామీ."

"కదపకపోతే న ఎందుకొస్తుంది పోలనా? న పళ్ళ దగ్గర పుడుతుంది. నీ నాలుక పళ్ళ దగ్గరికి దిగింది. పైన ఉంచు. ణ."

పోలన కళ్ళు మూసుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. గూటం ఎత్తి కొట్టబోయేవాడిలా ఊపిరి బిగబట్టాడు.

"న," అన్నాడు.

అరుగు మీద కూర్చున్న కుర్ర భిక్షువులు నవ్వారు. వాళ్ళలో ఒకడు, "పోలనా, నీ నాలుకకు మోకాళ్ళ నొప్పులా? నాలుగు మెట్లు ఎక్కుతుంది, ఐదోది ఎక్కదు," అన్నాడు.

"ఎక్కుతుంది సామీ, ఎక్కినట్టే ఎక్కి దిగిపోతుంది. మా పెద్ద మేనమామ కూడా అంతే, పెళ్ళి పందిరి దాకా వచ్చి వెనక్కి పోయేవాడు," అన్నాడు పోలన.

ఈసారి సుమేధుడికి తప్ప అందరికీ నవ్వొచ్చింది.

అలా వేసవి గడిచింది. పున్నమి దగ్గరపడుతోంది. సుమేధుడు తన గురువు నందిసేన థేరుడి దగ్గరికి వెళ్ళాడు. ముసలాయన చాప మీద కూర్చుని తాను కట్టే చిరిగిన చీవరానికి మాసిక వేసుకుంటున్నాడు.

"భంతే, నావల్ల కావడం లేదు. చెప్పవలసినదంతా చెప్పాను. నా నోరు తెరిచి నాలుక చూపించాను. పోలన నోట్లో ఆ అక్షరం లేదు," అన్నాడు సుమేధుడు.

"లేదా?"

"లేదు భంతే. వెతికి చూశాను."

థేరుడు సూది ఆపాడు. తాను కూర్చున్న చాప అంచు పైకెత్తి చూపించాడు.

"సుమేధా, దీన్ని ఈ ఊళ్ళో ఏమంటారు?"

సుమేధుడిది మగధ దేశం. చిన్నప్పుడే ఇల్లు వదిలాడు. ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది. తెలుగు బాగానే వచ్చు.

"చ్యాప," అన్నాడు.

"ఏమిటీ?"

"చ్యాప భంతే."

థేరుడు గుమ్మం వైపు చూసి, "పోలనా, ఒకసారి లోపలికి రా నాయనా. ఇదేమిటి?" అన్నాడు.

కడవ దించి వచ్చిన పోలన ఇద్దరి ముఖాలూ చూశాడు. "చాప సామీ," అన్నాడు. ఇంకేమైనా పేరుందేమోనని మళ్ళీ చూసి, "చాపే," అన్నాడు.

థేరుడు మెల్లగా లేచి చాప చుట్టి సుమేధుడి చేతికిచ్చాడు.

"ఇతను అన్నట్టు నువ్వు అనే దాకా ఇది నీ దగ్గరే ఉండనీ. ఇతను నేర్పుతాడు. భిక్షకు కూడా రేపటి నుంచి మీరిద్దరూ కలిసి వెళ్ళండి."

"మరి మీరు దేనిమీద కూర్చుంటారు భంతే?"

"నేల మీద," అని థేరుడు ఒట్టి రాతి మీద కూర్చుని సూది అందుకున్నాడు.

ఆయన మోకాళ్ళు ఎంత నొప్పో సుమేధుడికి తెలుసు. చాప చంకలో పెట్టుకుని వస్తుంటే అది బండరాయంత బరువనిపించింది.

మర్నాడు కొండ దిగి భిక్షకు వెళ్ళారు. సుమేధుడు ఇంతకుముందు ఊళ్ళోకి అంతగా వచ్చేవాడు కాదు. చదివించే పని ఆయనది, ఆయన పాత్ర ఎవరో ఒకరు నింపి తెచ్చేవారు. మొదటి ఇంటి ముందు ఎరకమ్మ అనే ముసలామె జొన్నన్నం చట్టిలో తెచ్చింది. ఒక ముద్ద వేసింది, రెండో ముద్ద వేసింది.

"చ్యాలు," అన్నాడు సుమేధుడు.

ఎరకమ్మ చెయ్యి ఆగింది. "ఏమన్నాడు?" అని పోలనను అడిగింది.

"చాలంటున్నాడమ్మా."

"చాలంటే చాలనాలి గదా. చ్యాలంటే ఇంకాస్త కావాలేమో అనుకున్నాను," అని ఇంకో ముద్ద వేసింది.

"చ్యాలు, చ్యాలమ్మా."

"పెడుతున్నాగా నాయనా, తొందరపడతావెందుకు?" అని మరొకటి వేసింది. ఆమెకు అర్థమైందని పోలనకు తెలుసు. అర్థమైందని పోలనకు తెలుసని ఆమెకూ తెలుసు. అన్నం పాత్ర అంచు దాటి సుమేధుడి మణికట్టు మీద పడింది. వీధిలో ఆడుకుంటున్న పిల్లలు వరసగా వెంటబడ్డారు. ఊరి చివరిదాకా చ్యాలు చ్యాలు అంటూనే ఉన్నారు.

కొండ ఎక్కుతూ సుమేధుడు మణికట్టు మీది అన్నం తుడుచుకున్నాడు. సగం మెట్లెక్కాక, "వాళ్ళు నిన్ను చూసి కూడా ఇలాగే నవ్వుతారా? మనవాళ్ళు?" అన్నాడు.

"నవ్వుతారు సామీ."

"నువ్వేం చేస్తావు?"

"నేనూ నవ్వుతాను. నవ్వకపోతే ఇంకా నవ్వుతారు."

ఆ రోజు నుంచి చాప పరిచి దాని మీద శిష్యుడిలా సుమేధుడు కూర్చునేవాడు, ఎదురుగా పోలన కూర్చునేవాడు. పోలనకు నేర్పడం ఒకే రకంగా వచ్చు. సుమేధుడు తనకెలా నేర్పాడో అలాగే.

"నాలుక కొస పళ్ళ వెనక పెట్టండి సామీ."

"పెట్టాను."

"అక్కడే ఉంచి, చాప."

"చ్యాప."

"కదిపారు."

"లేదు."

"కదపకపోతే చ్యాప ఎందుకొస్తుంది? నాలుక వెనక్కి పోయి పడుకుంది. ముందుకు తెండి. చాప."

"చ్యాప."

పోలన తల పట్టుకున్నాడు. "చిన్నపిల్లలు కూడా అంటారు కదా సామీ. మీకేమిటి కష్టం?"

సుమేధుడి ముఖం ఎర్రబడింది. "నా నాలుక ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది పోలనా? నోట్లో చీకటి. కంటికి కనపడదు. నువ్వు పళ్ళ వెనక అంటావు. ఉంది అనుకుంటాను. నువ్వు లేదంటావు. నేనేం చెయ్యను?"

పోలన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. మెల్లగా అన్నాడు.

"నాకూ కనపడదు సామీ."

తర్వాత సుమేధుడు లేచి వెళ్ళి కడవ తానే ఎత్తుకుని నీళ్ళకు పోయాడు. పోలన ఎంత వారించినా వినలేదు.

ఆపైన ఒక ఉదయం భిక్షలో జొన్న పేలాలు వచ్చాయి. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని తింటున్నారు. పేలపు పొట్టు ఒకటి సుమేధుడి ముందు పళ్ళ సందులో ఇరుక్కుంది. నాలుక కొసతో దాన్ని తోస్తున్నాడు, అది రావడం లేదు.

"ఇంకాసిని వెయ్యనా సామీ?" అన్నాడు పోలన.

"చాలు," అన్నాడు సుమేధుడు.

పోలన పేలాల మూట పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. "ఇప్పుడేమన్నారు?"

"చాలన్నాను."

"మళ్ళీ అనండి."

"చ్యాలు," అని సుమేధుడు ఆగాడు. ఇద్దరి ముఖాలూ పడిపోయాయి. సుమేధుడు కళ్ళు మూసుకున్నాడు. పొట్టు ఇంకా అక్కడే ఉంది. నాలుక కొసను మళ్ళీ దాని దగ్గరికి పంపాడు. నాలుకకు అది తగిలింది. తగిలాక దాన్ని తోస్తూ అన్నాడు.

"చాలు. చాప. చాట."

అరుగు మీద కుర్ర భిక్షువులు ఇటు తిరిగి చూశారు. సుమేధుడు లేచి నిలబడి, "చాలు, చాప, చాట, చారు," అంటున్నాడు, కొత్తగా మాటలొచ్చిన పిల్లవాడిలా. అంతలోనే మధ్యలో ఆపి పోలన చెయ్యి పట్టుకున్నాడు.

"నాలుకకు చెబితే వినదు పోలనా. దానికి చెవుల్లేవు. వెళ్ళిన చోట ఏదైనా తగలాలి."

ఆ మధ్యాహ్నం సుమేధుడు వంటసాల నుంచి గోలీకాయంత బెల్లం ముక్క తెచ్చాడు. తెచ్చాక అనుమానం వచ్చింది. పొద్దు వాలితే భిక్షువు తినకూడదు. ముందు తన నోట్లో పెట్టి చూస్తే గాని పోలన నోట్లో ఎక్కడ పెట్టాలో తెలియదు. థేరుడి దగ్గరికి పరిగెత్తాడు.

"భంతే, అక్షరం కోసం బెల్లం నోట్లో పెట్టుకోవచ్చా?"

"జబ్బుకు మందుగా అయితే పెట్టుకోవచ్చు."

"జబ్బు ఎవరికి భంతే? నాకా, పోలనకా?"

"తేలే దాకా మింగకు," అన్నాడు థేరుడు. ఆయన ఇంకా రాతి మీదే కూర్చున్నాడు. సుమేధుడు చాప పరచబోయాడు, పని ఇంకా పూర్తికాలేదన్నట్టు ఆయన చేత్తో వద్దన్నాడు.

సుమేధుడు బెల్లాన్ని వేలితో నలిపి తన అంగిలికి అంటించుకున్నాడు. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి జరిపి చూసుకున్నాడు. న అంటే నోట్లో ఏమీ లేదు. ణ అంటే నాలుక అడుగున చిన్న తీపి. ఇన్నేళ్ళూ లక్షసార్లు పలికిన అక్షరం ఎక్కడ తగులుతుందో ఆయనకు మొదటిసారి తెలిసింది. వెంటనే ఉమ్మేసి నోరు కడుక్కున్నాడు.

పోలన అంగిలికి కూడా అదే చోట బెల్లం అంటించారు.

"ట అను."

"ట. తియ్యగా ఉంది సామీ."

"డ."

"డ. ఇదీ తీపే."

"ఇప్పుడు ణ."

"న." పోలన పెదవులు చప్పరించాడు. "తీపి లేదు."

"తీపి తగిలేట్టు అను."

పోలన నాలుక పైకి మడిచి బెల్లాన్ని నాకాడు. నాకినంతసేపూ మాట రాలేదు. మాట అనేసరికి నాలుక దిగింది. "నాకితే పలకలేను, పలికితే నాకలేను సామీ," అన్నాడు. బెల్లం కరిగిపోయింది. ఇంకో ముక్క పెట్టారు, అదీ కరిగింది. అలా కొన్ని రోజులు. కుర్ర భిక్షువులు పోలనను చూసి, "మాకూ ణ పలకడం లేదు పోలనా, కాస్త బెల్లం పెట్టు," అనేవారు.

పున్నమి ఇంకా నాలుగు రోజులుందనగా జల్లు పడింది. అంగిట్లో బెల్లంతో పోలన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. సుమేధుడు చాప తడుస్తుందని దాన్ని తీసుకుని గబగబా పైకి వస్తున్నాడు.

"సామీ, ఆ బండ జారుతుంది," అని కేక వేశాడు పోలన.

సుమేధుడు ఆగాడు. పోలన నోరు సగం తెరుచుకుని ఉంది.

"ఏమిటి?"

"తీపి తగిలింది."

"డ అన్నావు కదా, తగులుతుంది."

"కాదు సామీ. డ ఇంకా రానేలేదు. ముందే తగిలింది." పోలన మళ్ళీ అన్నాడు, ఈసారి నెమ్మదిగా, రాయి మీద గీత గీస్తున్నవాడిలా. "బం... ఇదిగో, ఇక్కడే తీపి. తర్వాతే డ."

సుమేధుడు తడి మెట్టు మీదే కూలబడ్డాడు. బండ. సున్నా ఉంది కదా అని ఎవరూ పట్టించుకోని చోటు. డ కోసం నాలుక ముందే పైకి వెళ్ళి కూర్చుంటుంది, ఊపిరి ముక్కులోంచి పోతుంది. ఈ మనిషి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రోజుకు ఎన్నిసార్లు బండ అని ఉంటాడు.

"బండ అను. డ దాకా పోకు, సున్నా దగ్గర ఆగు."

"బం..."

"అక్కడే ఉండు. ఆ తీపి వదలకు. లాగు."

"బణ్..."

వాన పడుతూనే ఉంది. చాప తడుస్తోంది. ఇద్దరూ దాని సంగతే మరిచిపోయారు.

"బండ, గుండు, పండు," అని ఇద్దరూ ఎన్నో మాటలు అన్నారు. అన్నిటి కడుపులోనూ అది ఉంది. దాన్ని బయటికి తీయడమే కష్టమైంది. మొదట పోలన "సరండం" అన్నాడు. విన్నవాళ్ళు పడి పడి నవ్వారు. సుమేధుడు మాత్రం నవ్వలేదు, తప్పనలేదు. "డ ఒక్కటే అడ్డం. చెక్కేసెయ్," అన్నాడు.

ఆ మాట పోలనకు అర్థమయ్యే మాట. మర్నాటికి డ సన్నబడింది. ఆ మర్నాడు ఒకసారి డ లేకుండానే వచ్చింది. వచ్చిందని ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే లోపల మళ్ళీ సరనం అయిపోయింది. పున్నమి ముందు రోజు సాయంత్రం కుర్ర భిక్షువు ఒకడు, "రేపు ఏమంటావు పోలనా?" అని ఊరికే అడిగాడు. పోలన తడబడి సరనం అన్నాడు. అన్నాక తల దించుకుని కడవ తీసుకుని వెళ్ళిపోయాడు.

అది విని సుమేధుడు థేరుడి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"భంతే, రేపు చెవిగా నన్ను కూర్చోబెట్టకండి."

"ఎందుకు?"

"పోలన తప్పకూడదని ఉంది. అంత కోరిక ఉన్నవాడు సరిగా వినలేడు. తప్పు విని కూడా పడింది అనేస్తానేమోనని భయంగా ఉంది."

"అంటావా?"

"అనను భంతే. కాని ఆ తర్వాత బతకడం కష్టం."

"అయితే నువ్వే కూర్చో," అన్నాడు థేరుడు.

పున్నమి ఉదయం సంఘమంతా మండపంలో చేరింది. ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. వాళ్ళలో ఎరకమ్మ ఉంది. సుమేధుడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. దీక్ష కోరేవాళ్ళు ఆయన వెనక వరుసగా నిలబడ్డారు. పోలన కాక మిగిలినవాళ్ళంతా పడుచువాళ్ళు. ఎవరి అంగిట్లోనూ ఏమీ లేదు, ఊపిరి తప్ప.

"అనండి," అన్నాడు నందిసేన థేరుడు.

గొంతులన్నీ కలిసి పలికాయి.

సుమేధుడు ఒళ్ళంతా చెవి చేసుకుని విన్నాడు. ఆ న కోసం వెతికాడు. మొదటి నుంచి చివరి దాకా మాట నున్నగా సాగిపోయింది. ఎక్కడా రాయి తగల్లేదు. పోలన భయపడి నోరు విప్పలేదన్నమాట.

"సుమేధా," అన్నాడు థేరుడు.

"భంతే, ఒక గొంతు లేదు. పోలన పలకలేదు."

వెనక చిన్న కలకలం రేగింది. ఎవరో ఏదో అనబోయారు. థేరుడు వాళ్ళను ఆపి, "మళ్ళీ అనండి," అన్నాడు.

మళ్ళీ పలికారు. ఈసారి మాట ఇంకా గట్టిగా వచ్చింది. సుమేధుడు ఒక్కొక్క గొంతునూ విడదీసి వినాలని చూశాడు. ఆయనకు ఆ గుంపులో పోలనను పట్టుకోవడానికి ఒకటే గుర్తు తెలుసు. ఆ గుర్తు ఎంత వెతికినా దొరకలేదు.

"లేదు భంతే." ఆయన గోడవైపు చూస్తూనే కేక వేశాడు. "పోలనా, ఒక్కసారి అను. తప్పితే తప్పనీ. పలకకుండా మాత్రం ఉండకు."

మెట్ల మీద నుంచి ఎరకమ్మ, "ఆ సామికి ఏమైంది, చెవుడా?" అని పక్కవాళ్ళను అడగడం మండపమంతా వినపడింది.

"మిగిలినవాళ్ళు ఆగండి. పోలనా, నువ్వు ఒక్కడివే అను నాయనా," అన్నాడు థేరుడు.

తర్వాత సుమేధుడి వెనక నుంచి ఒక గొంతు లేచింది. రాతిపొడి మింగి బరువెక్కిన గొంతు, లోతైనది, తొందరలేనిది. రాయి మీద రాయి సరిగ్గా కూర్చున్నట్టు అక్షరం మీద అక్షరం కూర్చుంది. ణ అంగిలి నుంచి దిగి, మండపం కప్పుకు తగిలి, సుమేధుడి ఎదుట ఉన్న గోడకు తగిలి, ఆయన ముఖం మీదికి వచ్చింది.

"సరణం."

మండపంలో అందరూ ఆ చెవి చెప్పే మాట కోసం చూస్తున్నారు.

"పడింది," అన్నాడు సుమేధుడు. అది సరిపోలేదనిపించిందేమో, నిండుగా ఊపిరి తీసుకుని ఊళ్ళోకి వినపడేలా అన్నాడు. "పడింది భంతే. పడింది."

సాధు సాధు అంటూ సంఘమంతా లేచింది. పోలనను అంతకాలం ఏడిపించిన కుర్ర భిక్షువులే ముందుగా వచ్చి అతన్ని పట్టుకున్నారు. మెట్ల మీద ఊరివాళ్ళకు ఏం జరిగిందో పూర్తిగా తెలియకపోయినా వాళ్ళూ చేతులెత్తి అరిచారు. ఆ సందడిలో సుమేధుడు మాత్రం గోడవైపే కూర్చుని ఉన్నాడు. కన్నీళ్ళతో తడిసిన ముఖం తుడుచుకోలేదు.

నందిసేన థేరుడు పోలన భుజం మీద కాషాయం కప్పి, అంచు సర్ది, నెమ్మదిగా నడిచి సుమేధుడి వెనకకు వచ్చాడు. ఆయన వీపు మీద చెయ్యి వేశాడు.

"అతని గొంతు అలా ఉంటుంది, సుమేధా."